ఇరుసుల లెక్క

నా పని పెద్దదేం కాదు.
రోడ్డుకి అడ్డంగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు పరిచి
మేకులు కొట్టి, కొసల్ని ఓ ఇనప డబ్బాకి తగిలించి
డబ్బాని దీపస్తంభానికి గొలుసేసి కట్టడం.
బండి ఎక్కినప్పుడల్లా గొట్టంలో గాలి ఉలిక్కిపడుతుంది,
డబ్బా రాసుకుంటుంది.
మనుషుల్ని కాదు, ఇరుసుల్ని.

లీడ్స్‌లో క్వారీ వీధి నడిమధ్య
మార్చి నెలలో నాలుగు చెక్క తొట్లు వచ్చి కూర్చున్నాయి
లావెండర్ మొక్కలతో, కౌన్సిల్ ముద్రతో.
సైకిలు పడుతుంది, చక్రాల కుర్చీ పడుతుంది,
కారు పట్టదు.
తెల్లారేసరికి ఒక వీధికి రెండు కొసలు కాదు,
రెండు పక్షాలు.

మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొట్టేవాడికి
ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెబుతారు.
ఏడో నంబరు ప్రూడెన్స్ టీ ఇచ్చి మరీ చెప్పింది:
"నలభై ఏళ్ళకి కిటికీ తీసి పడుకున్నానయ్యా.
పిచ్చుక ఇంత గట్టిగా అరుస్తుందని నాకేం తెలుసు?"
బోలాన్లె కారు దిగకుండానే అంది:
"తొట్టికి ఇవతల నేను, అవతల తోర్ప్ గారి ఇన్సులిన్.
చుట్టు తిరిగితే పదకొండు నిమిషాలు.
ఆ పదకొండుకీ నాకు జీతం లేదు, రాసుకో."
నేను రాసుకునేది అది కాదని చెప్పలేకపోయాను.

పక్కనున్న ఫెల్ రోడ్డులో నుస్రత్ ఏమీ అనలేదు.
గుమ్మంలో నిలబడి పిల్లాడి ఇన్‌హేలర్‌ని
చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది,
ఎంత మిగిలిందో వినడానికి.
ఆమె వెనక కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది.
క్వారీ వీధిలో తగ్గిన ఇరుసులన్నీ
ఇక్కడ నా రెండో డబ్బాలో ఉన్నాయి,
ఒకటి అటూ ఇటూగా.

నా గొట్టాన్ని రెండుసార్లు కోశారు.
ఒకసారి ఎవరో చాక్లెట్ ఆశ చూపితే
ఓ కుర్రాడు గంటసేపు దాని మీద గెంతాడు.
ఆ సాయంత్రం క్వారీ వీధిలో
మూడువందల కార్లు తిరిగినట్టు డబ్బా నమ్మింది.
ఒకరు లావెండర్ మీద డీజిల్ పోశారు.
ఇంకొకరు మాడిన చోట
చీకట్లో రూబార్బ్ దుంపలు పాతారు.

జూన్‌లో తోర్ప్ పోయాడు.
"తొట్లు తీసేయండి" అన్న ఎర్ర కాగితం
ఆయన కిటికీలో అలాగే ఉంది.
చివరిసారి తన గుమ్మం ముందు నుంచి వెళ్ళాలని
కోరుకున్నాడట.
శవవాహనం డ్రైవర్‌ది పాత మ్యాపు.
తిన్నగా వచ్చి తొట్ల ముందు ఆగిపోయాడు.
మట్టి నిండిన తొట్టి ఏనుగు బరువు.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు కాసేపు.

బోలాన్లె తలుపు తీసింది.
ఆరుగురు భుజం పట్టారు.
ఎర్ర కాగితంవాళ్ళు ఎందరో, పచ్చ కాగితంవాళ్ళు ఎందరో
ఆ క్షణాన నేను లెక్కపెట్టలేదు.
ప్రూడెన్స్ కొడుకు పొడుగు, తోర్ప్ అల్లుడు పొట్టి,
పెట్టె ఓ పక్కకి ఒరిగింది.
తొట్ల సందులోంచి, రూబార్బ్ ఆకులు పంట్లాలకి రాసుకుంటుండగా
నా గొట్టాల మీదుగా నడిచారు.
ఖాళీ బండి చుట్టు తిరిగి రావడానికి వెళ్ళింది.
పదకొండు నిమిషాలు ఆయన
తన గుమ్మం ముందే ఉన్నాడు.

ఆ వారమే రెండు ఉత్తరాలు వెళ్ళాయి కౌన్సిల్‌కి.
"దారి మూయబట్టే కదా మనుషులు మోసుకెళ్ళారు,
ఇంతకంటే మర్యాద ఏముంది" అని ప్రూడెన్స్.
"మా నాన్నకి ఆఖరి దారి కూడా లేకుండా చేశారు" అని కూతురు.
రెండింటిలోనూ అబద్ధం లేదు.

డబ్బా తెరిచి చూశాను.
పది నలభై నుంచి పది యాభై ఒకటి దాకా: సున్నా.
మెల్లగా నడిచే కాళ్ళకి
ఆ గాలి ఉలిక్కిపడదు.
కారణం రాయమన్న గడిని ఖాళీగా వదిలేశాను.
ఆఫీసులో ఎవరో "పరికర లోపం" అని నింపారు.

తొట్లు ఉంచాలా తీయాలా అన్నది
శీతాకాలానికి వాయిదా పడింది.
రూబార్బ్ మోకాలెత్తు పెరిగింది.
కాడలు ఎవరో కోసుకెళ్తున్నారు,
తెల్లవారుజామున, పదునైన కత్తితో.